ఫిల్టర్ కొనేముందు నీళ్ళని టెస్ట్ చేయించండి

పాపకి ఆ ఏడాదిలో మూడోసారి వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు డాక్టర్ గారు అడిగిన మొదటి మాట "ఇంట్లో ఏం నీళ్ళు తాగిస్తున్నారమ్మా" అని. నేను ఠక్కున "ఆర్వో నీళ్ళేనండి" అని చెప్పేశా, ఇంక దానిమీద అనుమానమే అక్కర్లేదన్నట్టు. వంటింట్లో గోడకి మెషిన్ ఉంది, నాలుగేళ్ళుగా ఉంది, సర్వీస్ అబ్బాయి వచ్చినప్పుడల్లా టీడీఎస్ మీటర్ (లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగున్నాయో చూపించేది) గ్లాసులో ముంచి చూపిస్తాడు, 110, 115 అలా వస్తుంది, "సూపర్ ఉన్నాయి మేడం" అని సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతాడు. డాక్టర్ గారు మాత్రం నా మాటతో ఊరుకోలేదు, "మెషిన్‌లోకి వెళ్ళేవి, మెషిన్‌లోంచి వచ్చేవి, రెండూ ల్యాబ్‌లో ఇచ్చి చూడండి" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆవిడకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నా.

వారం తర్వాత రిపోర్టులు వచ్చాయి. కుళాయి నీళ్ళకి టీడీఎస్ 380, కోలిఫామ్ అనే రకం బ్యాక్టీరియా ఉంది, ఈకోలై ఉంది. మెషిన్ నీళ్ళకి టీడీఎస్ 115, కోలిఫామ్ ఉంది, ఈకోలై ఉంది. ఈకోలై అంటే మనుషుల పేగుల్లో, జంతువుల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా, అది నీళ్ళలో కనపడిందంటే ఎక్కడో మలం కలుస్తోందని లెక్క, తాగే నీళ్ళలో అయితే 100 మిల్లీలీటర్లకి ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయా. రోజూ నా చేత్తో బాటిల్ నింపి స్కూల్ బ్యాగులో పెట్టింది ఆ నీళ్ళే కదా.

ఈ పోస్ట్ అందుకే రాస్తున్నా. ఈమధ్య చాలామంది "ఏ ఫిల్టర్ మంచిది" అని అడుగుతున్నారు, దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ ప్రశ్న సగమే ఉంది. మీ నీళ్ళలో ఏముందో చెప్తే అప్పుడు ఏ ఫిల్టర్ కావాలో మాట్లాడుకోవచ్చు.

ముందు మా మెషిన్‌లో ఏం జరిగిందో చెప్తా, చాలా ఇళ్ళలో ఇదే జరుగుతూ ఉండొచ్చు. తెలిసిన ఒక టెక్నీషియన్ని పిలిచి మొత్తం విప్పించాం. మొదటిది, లోపల క్రిముల్ని చంపే యూవీ ల్యాంప్ ఎప్పుడో పోయింది. ముందు వైపు వెలిగే చిన్న నీలం లైటు కరెంటు ఉందని చెప్పడానికే, ల్యాంప్ పనిచేస్తోందని చెప్పడానికి కాదు, మేమేమో ఇన్నాళ్ళూ దాన్ని చూసి ధైర్యంగా ఉన్నాం. రెండోది, టీడీఎస్ అడ్జస్టర్ అని చిన్న వాల్వ్ ఉంటుంది. ఆర్వో మెంబ్రేన్ (లవణాల్ని ఆపే సన్నని పొర) దాటిన నీళ్ళు మరీ చప్పగా ఉంటాయని, ఈ వాల్వ్ తిప్పితే మెంబ్రేన్ దాకా వెళ్ళని నీళ్ళు కొన్ని పక్క దారిలో వచ్చి కలుస్తాయి. మాది బాగా తెరిచి ఉంది. లెక్క వేస్తే, లోపలికొచ్చేవి 380, మెంబ్రేన్ నుంచి నేరుగా పట్టి చూస్తే 25, మరి గ్లాసులో 115 వస్తోందంటే సుమారు పావు వంతు నీళ్ళు మెంబ్రేన్ ముఖం చూడకుండానే వస్తున్నాయన్నమాట. ఆ పావు వంతుకి కాపలాగా ఉండాల్సింది యూవీ ల్యాంప్, అదేమో పోయింది. మూడోది, నీళ్ళు నిల్వ ఉండే ట్యాంక్ అడుగున వేలు పెడితే జిగట. బ్యాక్టీరియా గోడలకి పట్టుకుని పొరలా పెరిగితే అలా ఉంటుంది, ఒకసారి ఆ పొర కట్టిందంటే పైనుంచి ఎంత శుభ్రమైన నీళ్ళు పోసినా అవి దాన్ని తగులుతూనే బయటికొస్తాయి.

ఇంత జరుగుతున్నా టీడీఎస్ మీటర్ మాత్రం ప్రతిసారీ 115 అనే చూపించింది. తప్పు మీటర్‌ది కాదు, దాని పని అంతవరకే. అది నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతోందో కొలుస్తుంది, కరిగిన లవణాలు ఎక్కువుంటే కరెంటు బాగా పారుతుంది కాబట్టి ఆ కొలతని ఒక గుణకంతో హెచ్చించి టీడీఎస్ అని అంకె చూపిస్తుంది. బ్యాక్టీరియా, వైరస్‌లు దానికి కనపడవు. పురుగుమందులు కనపడవు. ఆర్సెనిక్ అనే విషం సంగతి చూడండి, డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) పెట్టిన పరిమితి లీటరుకి 0.01 మిల్లీగ్రాములు, ఈ మీటర్‌లో కదిలే అతి చిన్న అంకె 1. అంటే పరిమితికి పదిరెట్లు ఆర్సెనిక్ ఉన్నా మీటర్‌లో అంకె మారదు. ఇంకో విషయం, అసలు టీడీఎస్‌కి ఆరోగ్యపరంగా డబ్ల్యూహెచ్ఓ ఏ పరిమితీ పెట్టలేదు, రుచి గురించే చెప్పింది: 600 లోపు ఉంటే మామూలుగా బాగుంటాయి, 1000 దాటితే తాగడానికి ఇబ్బందిగా ఉంటాయి అని. 380 ఉన్న మా నీళ్ళకి ఆర్వోనే అవసరం లేదు! నాలుగేళ్ళు లేని సమస్యకి మెషిన్ నడిపి, ఉన్న సమస్యని గాలికి వదిలేశాం.

మరి ఎందుకు కొన్నామంటే ఆ రోజు ఒకతను ఇంటికొచ్చి చేసిన డెమో చూసి. ఇది మీరు కూడా చూసే ఉంటారు, రెండు గ్లాసులు పెడతారు, ఒకదాన్లో కుళాయి నీళ్ళు, ఒకదాన్లో ఆర్వో నీళ్ళు, నాలుగు కడ్డీలున్న పరికరం ఒకటి రెండిట్లో ముంచి స్విచ్ వేస్తారు, ఒక్క నిమిషంలో కుళాయి నీళ్ళు గోధుమరంగు, పచ్చరంగు నురగలతో చూడలేనంతగా అయిపోతాయి, ఆర్వో నీళ్ళు అలాగే ఉంటాయి. "ఇన్నాళ్ళూ మీరు తాగుతోంది ఇదీ" అంటారు. చంకలో పిల్లని ఎత్తుకుని ఆ గ్లాసు చూసిన తల్లికి ఇంకేం కావాలి, ఆ సాయంత్రమే ఆర్డర్ ఇచ్చేశాం. ఆ తర్వాత చాలాకాలానికి తెలిసింది, ఆ మురికి నీళ్ళలోది కాదు, కడ్డీలది. అందులో కొన్ని ఇనుప కడ్డీలు, కరెంటు పారగానే ఇనుము కరిగి తుప్పుగా మారి నీళ్ళలో కలుస్తుంది. లవణాలు ఉన్న నీళ్ళలో కరెంటు పారుతుంది కాబట్టి అక్కడ తుప్పు వస్తుంది, ఆర్వో నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు సరిగ్గా పారదు, అందుకే తేటగా ఉంటాయి. ఆ ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ స్విచ్ వేయమనండి, అది కూడా అదే రంగుకి తిరుగుతుంది. మీ ఇంట్లో ఎవరైనా ఈ డెమో చేస్తే దయచేసి ఆ చిటికెడు ఉప్పు వేయించి చూడండి, అవతలి మనిషి మీద కోపంతో కాదు, అతనికి నేర్పించింది అతను చేస్తున్నాడంతే, మన నిర్ణయం భయం మీద నిలబడకూడదని.

సరే, నీళ్ళలో ఏముండొచ్చు. దీన్ని నేను ఇప్పుడు ఇలా అర్థం చేసుకుంటున్నా: కనపడేవి, కరిగిపోయి కనపడనివి, ప్రాణం ఉన్నవి. కనపడేవంటే మట్టి, ఇసుక, తుప్పు, వీటితో పెద్ద గొడవ లేదు, మామూలు సెడిమెంట్ ఫిల్టర్ ఆపేస్తుంది, 5 మైక్రాన్‌ది చాలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కరిగినవి అసలు చిక్కు. వీటిలో కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే కఠినత్వం ఉంటుంది, సబ్బు నురగ రాదు, గీజర్‌లో, కుళాయిల మీద తెల్లగా గార కడుతుంది, వస్తువులు పాడవుతాయి కానీ ఆ కాల్షియం ఒంటికి చేటు చేసేది కాదు. ఇనుము ఉంటే పట్టినప్పుడు తేటగా ఉన్న నీళ్ళు కాసేపటికి గాలి తగిలి ఎర్రగా తిరుగుతాయి, లీటరుకి 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టల మీద మరకలు పడతాయి. కుళ్ళిన గుడ్డు వాసనొస్తే హైడ్రోజన్ సల్ఫైడ్. ఇవన్నీ మన కంటికో ముక్కుకో తెలిసిపోతాయి, చిరాకు పెడతాయి, కానీ భయపడాల్సినవి అసలు ఏ కబురూ పంపనివి. ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, డబ్ల్యూహెచ్ఓ పరిమితి లీటరుకి 1.5 మిల్లీగ్రాములు, అది దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పిల్లల పళ్ళ మీద మచ్చలు, ఇంకా ఎక్కువైతే ఎముకలు పట్టేస్తాయి. నైట్రేట్ లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోతుంది, డబ్బాపాలు కలిపే ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం. సీసం పాత పైపుల నుంచి దిగుతుంది, రాత్రంతా పైపులో నిలిచిన నీళ్ళలో ఎక్కువుంటుంది కాబట్టి పొద్దున్నే మొదటి నీళ్ళు వదిలేయమంటారు.

బంగ్లాదేశ్ సంగతి చదివినప్పుడు నాకు ఇది మనసుకి తాకింది. చెరువు నీళ్ళు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని, లక్షల కొద్దీ గొట్టపు బావులు వేశారు. నీళ్ళు తేటగా వచ్చాయి, క్రిముల బాధ తగ్గింది. కొన్నేళ్ళకి జనం చేతుల మీద, కాళ్ళ మీద మచ్చలు, గట్టిపడ్డ చర్మం మొదలయ్యాయి, ఆ భూమి పొరల్లోనే ఆర్సెనిక్ ఉందని 1990లలో బయటపడింది. మంచి చేద్దామనే వేశారు. బావి వేసిన రోజు ఆ ఒక్క పరీక్ష చేసి ఉంటే అని అనిపిస్తుంది కదా.

ప్రాణం ఉన్నవి అంటే బ్యాక్టీరియా, వైరస్‌లు, ఇంకా జియార్డియా, క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులు. "మాకు క్లోరిన్ వేసిన నీళ్ళే వస్తాయి, ఇంక ఫిల్టర్ ఎందుకు" అని కొందరంటారు. క్లోరిన్ చాలా గొప్పది, దాన్ని తక్కువ చేయను, ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో. కానీ క్రిప్టోస్పోరిడియానికి గట్టి పెంకు ఉంటుంది, మామూలు మోతాదు క్లోరిన్ దాన్నేం చేయలేదు. 1993లో అమెరికాలో మిల్వాకీ నగరంలో శుద్ధి చేసి క్లోరిన్ వేసిన కుళాయి నీళ్ళ ద్వారానే అది పాకి సుమారు 4 లక్షల మంది జబ్బు పడ్డారు. పైగా క్లోరిన్ ప్లాంట్ దగ్గర వేస్తారు, మన సంప్‌కి పగులు ఉంటే, పక్కనే డ్రైనేజ్ పైపు కారుతుంటే, ఆ తర్వాత జరిగేదానికి ఆ కాస్త క్లోరిన్ సరిపోదు. మా ఇంట్లో జరిగింది కూడా అదే, సంప్ మూలలో వెంట్రుక మందం పగులు, దానికి రెండడుగుల దూరంలో మురుగు లైను.

టెస్ట్ ఎలా చేయించాలో కొంచెం వివరంగా చెప్తా, ఇక్కడ తప్పు చేస్తే రిపోర్ట్ మొత్తం వృథా. బ్యాక్టీరియా కోసం ల్యాబ్ వాళ్ళు ఇచ్చిన స్టెరైల్ బాటిల్‌లోనే పట్టాలి, ఇంట్లో బాటిల్ ఎంత కడిగినా పనికిరాదు. ఆ బాటిల్‌లో కొంచెం పొడి లాంటిది ఉండొచ్చు, అది క్లోరిన్ని విరగ్గొట్టడానికి వేసింది, మురికి అనుకుని కడగొద్దు. కుళాయి మూతిని స్పిరిట్‌తో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలేసి, అప్పుడు పట్టాలి, మూత లోపలి వైపు వేలు తగలకూడదు. పట్టాక ఐస్ పెట్టిన డబ్బాలో పెట్టి వీలైతే 6 గంటల్లోపు ల్యాబ్‌లో ఇచ్చేయాలి, బయట వదిలేస్తే అందులో ఉన్నవి పెరిగిపోతాయి. లవణాల పరీక్షకి వేరే బాటిల్. అడగాల్సినవి: టీడీఎస్, కఠినత్వం, పీహెచ్, ఇనుము, ఫ్లోరైడ్, నైట్రేట్, కోలిఫామ్, ఈకోలై, మీ ప్రాంతంలో ఉందని తెలిస్తే ఆర్సెనిక్, పాత పైపులుంటే సీసం. బోరు నీళ్ళయితే ఎండాకాలం చివర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయించడం మంచిది, ఎందుకంటే ఎండల్లో లవణాలు పెరుగుతాయి, వానల్లో క్రిములు పెరుగుతాయి. ల్యాబ్ అందుబాటులో లేకపోతే హెచ్‌టూఎస్ బాటిల్స్ అని దొరుకుతాయి, నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చని చోట పెడితే, నల్లగా మారాయంటే ఆ నీళ్ళని నమ్మకూడదు. ల్యాబ్ టెస్టంత కచ్చితం కాదు గానీ మొదటి హెచ్చరికగా బాగా పనికొస్తుంది.

రిపోర్ట్ చేతికొచ్చాక ఏది దేనికో చూడటం అంత కష్టం కాదు. యాక్టివేటెడ్ కార్బన్ అంటే కాల్చి, లోపలంతా సన్నని రంధ్రాలు పడేలా చేసిన బొగ్గు, ఒక్క గ్రాములోనే లోపలి రంధ్రాల గోడలన్నీ పరిస్తే 500 చదరపు మీటర్లు దాటుతుంది. క్లోరిన్, వాసన, రంగు, చాలా రకాల పురుగుమందులు దానికి అంటుకుపోతాయి. లవణాలు, ఫ్లోరైడ్, నైట్రేట్ అంటుకోవు. నిండిపోయాక ఇంకేం పట్టుకోదు, పైగా క్లోరిన్ తీసేసిన చోటు కాబట్టి బ్యాక్టీరియా అక్కడే కాపురం పెడుతుంది, అందుకే టైముకి మార్చాలి. యూఎఫ్ అంటే సన్నని గొట్టాల కట్ట, రంధ్రాలు 0.01 మైక్రాన్ ప్రాంతంలో ఉంటాయి, బ్యాక్టీరియా దానికంటే ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి దూరలేదు, పరాన్నజీవులైతే ఇంకా పెద్దవి. ఓవర్‌హెడ్ ట్యాంక్ నుంచి వచ్చే ప్రెషర్ చాలు, కరెంటు అక్కర్లేదు. కరిగిన లవణాలు మాత్రం అలాగే దాటిపోతాయి. యూవీ అంటే 254 నానోమీటర్ల కాంతి, అది క్రిముల డీఎన్ఏని దెబ్బతీసి అవి మళ్ళీ పుట్టకుండా చేస్తుంది, వైరస్‌ల మీద, క్రిప్టోస్పోరిడియం మీద కూడా పనిచేస్తుంది. కానీ నీళ్ళు మసకగా ఉంటే కాంతి లోపలిదాకా చేరదు, మట్టి రేణువు నీడలో దాక్కున్న క్రిమి బతికిపోతుంది, అందుకే యూవీకి ముందు సెడిమెంట్, కార్బన్ తప్పనిసరి. ల్యాంప్ సుమారు 9000 గంటలే సరిగ్గా పనిచేస్తుంది, ఆ తర్వాత కూడా నీలంగా వెలుగుతూనే ఉంటుంది, బలం మాత్రం ఉండదు.

ఇక ఆర్వో. అది పుట్టిందే ఉప్పు తీయడానికి. 1960 ప్రాంతంలో అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ అనే ఇద్దరు పనికొచ్చే మెంబ్రేన్ని మొదటిసారి తయారుచేశారు, వాళ్ళు ఆలోచించింది సముద్రపు నీళ్ళ గురించి, లీటరుకి 35 వేల మిల్లీగ్రాముల ఉప్పు ఉండే నీళ్ళు. 1965లో కాలిఫోర్నియాలో కోలింగా అనే చిన్న ఊళ్ళో, ఉప్పు బోరు నీళ్ళని తాగేలా చేయడానికి ఆ పద్ధతిలో ప్లాంట్ పెట్టారు. ఆ చరిత్ర తెలిశాక నాకు ఆర్వో మీద గౌరవం పెరిగింది, అది ఎక్కడ కావాలో కూడా స్పష్టంగా అర్థమైంది. టీడీఎస్ 1000 పైన ఉన్నా, ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ పరిమితి దాటినా ఇంట్లో పెట్టుకోదగ్గ వాటిలో ఆర్వో చాలా మంచిది. అవేమీ లేనప్పుడు పెట్టుకుంటే, మంచి కాల్షియం, మెగ్నీషియం తీసిపారేసి, తాగే ఒక్క లీటరు కోసం మూడు లీటర్లు తూములోకి వదులుకుంటాం. నీళ్ళు తక్కువ వృథా చేసే మోడల్స్ ఇప్పుడు వస్తున్నాయి, మంచిదే, కానీ దానికీ ఒక లెక్క ఉంది. 800 టీడీఎస్ నీళ్ళలో పావు వంతు మాత్రమే తీసుకుంటే వదిలేసేవి 1050 దగ్గర ఉంటాయి, సగం తీసుకుంటే వదిలేసేవి 1550 దగ్గరికి పోతాయి. ఎక్కువ పిండేకొద్దీ మెంబ్రేన్ మీద గార తొందరగా కడుతుంది, కఠినత్వం బాగా ఉన్న నీళ్ళయితే ఇది అడిగి మరీ కొనాలి. ఆ వదిలేసిన నీళ్ళు ఇల్లు తుడవడానికి, టాయిలెట్‌కి వాడుకోవచ్చు, మొక్కలకి మాత్రం రోజూ పోయకండి.

సాఫ్ట్‌నర్ గురించి ఒక్క మాట, అది కాల్షియం, మెగ్నీషియం తీసుకుని ఆ స్థానంలో సోడియం పెడుతుంది అంతే, గీజర్‌కి, బట్టలకి మంచిది, తాగే నీళ్ళని శుద్ధి చేసే పరికరం కాదు. ఆల్కలైన్, కాపర్, హైడ్రోజన్ అని పేర్లు తగిలించి అమ్మేవాటి జోలికి నేను వెళ్ళలేదు, మా రిపోర్ట్‌లో ఉన్న సమస్య ఏదీ వాటితో తీరదు.

ఇంకో చోట కూడా జాగ్రత్త, శాతాలు. "99.9 శాతం బ్యాక్టీరియా నశిస్తుంది" అని రాసుంటే చాలా గొప్పగా అనిపిస్తుంది. పది లక్షల బ్యాక్టీరియా ఉన్న నీళ్ళు వెళ్తే అందులో వెయ్యి బతికే వస్తాయి. అమెరికాలో ఈపీఏ (అక్కడి ప్రభుత్వ పర్యావరణ రక్షణ సంస్థ) 1987లో ప్యూరిఫైయర్లకి పెట్టిన కొలమానం ఏంటంటే బ్యాక్టీరియాకి 99.9999, వైరస్‌లకి 99.99, పరాన్నజీవులకి 99.9 శాతం. ఆ మొదటి దాని ప్రకారం పది లక్షల్లో ఒక్కటే మిగలాలి. బ్రోచర్‌లో 9 అంకెలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, ఆ టెస్ట్ ఎవరు చేశారో చూడండి. ఎన్ఎస్ఎఫ్ అనే అమెరికా సంస్థ ఫిల్టర్లకి పెట్టిన స్టాండర్డ్ నంబర్లు కూడా కొంచెం తెలిసుంటే మేలు: 42 అంటే రుచి, వాసన, క్లోరిన్ వరకే, 53 అంటే సీసం లాంటి ఆరోగ్యానికి సంబంధించినవి, 55 యూవీకి, 58 ఆర్వోకి. 42 ముద్ర ఒక్కటే ఉన్న ఫిల్టర్ క్రిముల్ని ఆపుతుందని అనుకుంటే పొరపాటు.

మేం చివరికి ఏం చేశామంటే, ముందు మెషిన్ సంగతి పక్కన పెట్టి సంప్ ఖాళీ చేయించి, పగులు పూడ్పించి, మురుగు లైను మార్పించి, సంప్‌ని, పైన ట్యాంకునీ క్లోరిన్‌తో కడిగించాం. ఆ పని అయ్యేవరకు తాగే నీళ్ళు మరగబెట్టుకున్నాం. మరగడం అంటే వేడెక్కడం కాదు, బాగా తెర్లుతూ ఒక నిమిషం ఉండాలి, అలా చేస్తే బ్యాక్టీరియా, వైరస్, పరాన్నజీవి ఏదీ మిగలదు. మరిగించినంత మాత్రాన ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు, ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడతాయి, అది గుర్తుపెట్టుకోవాలి. మా రిపోర్ట్‌లో ఫ్లోరైడ్ 0.6, నైట్రేట్ 18, కఠినత్వం 190, అన్నీ హద్దుల్లోనే. కాబట్టి సెడిమెంట్, కార్బన్ బ్లాక్, యూఎఫ్, చివర్లో యూవీ, ఇంతే పెట్టించుకున్నాం. కావాలనే రెండు అడ్డుగోడలు, ల్యాంప్ పోయినా యూఎఫ్ ఉంటుంది, యూఎఫ్ గొట్టం ఎక్కడైనా తెగినా యూవీ ఉంటుంది. ల్యాంప్ ఆగిపోతే మోగే అలారం ఉన్నదే కావాలని పట్టుబట్టా. నిల్వ ట్యాంక్ లేనిది తీసుకున్నాం, ఎప్పటికప్పుడు పట్టుకోవడమే, కొంచెం సన్నగా వస్తుంది, పర్లేదు. పెట్టించాక నెలకి మళ్ళీ శాంపిల్ ఇచ్చాం, కోలిఫామ్ లేదు. ఆ రిపోర్ట్ చదివిన రాత్రి నేను నిశ్చింతగా పడుకున్నా.

మా అక్కకి ఈ కథంతా చెప్తే "అయితే మేం కూడా ఆర్వో పీకేసి మీలాంటిది పెట్టుకుంటామే" అంది. వద్దక్కా, ముందు టెస్ట్ చేయించు అని ఒకటే పోరు పెట్టా. వాళ్ళది లోతైన బోరు. రిపోర్ట్‌లో బ్యాక్టీరియా ఏమీ లేదు, టీడీఎస్ 1350, ఫ్లోరైడ్ 2.8. మా ఇంట్లో పెట్టిందే వాళ్ళింట్లో పెట్టి ఉంటే నీళ్ళు తేటగా, క్రిముల్లేకుండా వచ్చేవి, ఆ ఫ్లోరైడ్ అంతా అలాగే పిల్లల కడుపులోకి పోయేది. వాళ్ళకి ఆర్వో ఉండాల్సిందే. కాకపోతే అక్కడ కూడా ఆ టీడీఎస్ వాల్వ్ తెరిచి ఉంది! మెంబ్రేన్ ఫ్లోరైడ్ తీసేస్తుంటే పక్కదారిలో మళ్ళీ కలుపుతోంది. బావకి ఫోన్‌లో చెప్పి ఆ వాల్వ్ పూర్తిగా మూయించా, రుచి కోసం కావాలంటే మెంబ్రేన్ తర్వాత కాల్షియం, మెగ్నీషియం కలిపే మినరల్ క్యాట్రిడ్జ్ పెట్టుకోవచ్చు, అది వేరు, శుద్ధి చేయని నీళ్ళు కలపడం వేరు. మీ ఇంట్లో ఆర్వో ఉంటే ఈ ఒక్కటి మాత్రం ఈరోజే చూసుకోండి. మీ అసలు నీళ్ళలో ఫ్లోరైడో ఆర్సెనికో ఉంటే ఆ వాల్వ్ తెరిచి ఉండటానికి వీల్లేదు.

మెయింటెనెన్స్ గురించి నేను చేస్తున్నది చెప్తా. ఫిల్టర్ పక్కన గోడమీద ఒక కాగితం అంటించా, ఏది ఎప్పుడు మార్చామో తేదీలు. సెడిమెంట్ రంగు చూస్తే తెలిసిపోతుంది, గోధుమరంగు తిరిగి ధార తగ్గితే మార్చడమే. కార్బన్ ఆరు నెలలకి, రంగు మారినా మారకపోయినా. ల్యాంప్ ఏడాదికి, వెలుగుతున్నా సరే. ల్యాంప్ చుట్టూ ఉండే గాజు గొట్టం మీద తెల్లగా గార పట్టిందేమో కూడా అప్పుడే చూడాలి, అది పడితే కాంతి నీళ్ళదాకా రాదు. ఊరెళ్ళి వారం తర్వాత వస్తే మొదటి కొన్ని లీటర్లు వదిలేస్తాం. ఇంకోటి, ఫిల్టర్ ఎంత మంచిదైనా ఆ తర్వాత నీళ్ళు పోసే బిందె, బాటిల్, గ్లాసు ముంచే చెయ్యి, ఇవన్నీ ఉన్నాయి. పాప స్కూల్ బాటిల్ మూతలో ఉండే రబ్బరు వాషర్ తీసి కడగడం నేను ఈ గొడవ అయ్యాకే మొదలుపెట్టా, మొదటిసారి తీసినప్పుడు దాని కింద నల్లగా ఉంది.

అక్క వాళ్ళ మెంబ్రేన్ మార్చి ఈ నెలతో రెండేళ్ళు. మెంబ్రేన్ పాతబడితే ఫ్లోరైడ్ కొంచెం కొంచెంగా దాటడం మొదలవుతుంది, రుచిలో తేడా తెలియదు. నిన్న బావ ఫిల్టర్ నీళ్ళు, బోరు నీళ్ళు రెండు బాటిల్స్‌లో పట్టి పేర్లు రాసి ల్యాబ్‌లో ఇచ్చొచ్చాడు. వచ్చే వారం రిపోర్ట్ వస్తే ఆ అంకెలు ఇక్కడే కింద రాస్తా.